ఫిరంగుల మధ్య తెల్ల టోపీ

ఆకుపచ్చ కోటు, తెల్ల టోపీ, ముక్కు మీద కళ్లజోడు. పియెర్ బెజుఖొవ్ బొరొదినో యుద్ధానికి వచ్చిన వేషం ఇది. అతను సైనికుడు కాడు. యుద్ధం ఎలా ఉంటుందో చూద్దామని వచ్చిన పెద్దింటి మనిషి. రయేవ్‌స్కీ దిబ్బ మీద గుండ్లు మోసుకుంటూ పరుగెత్తే వాళ్ల దారికి అడ్డమొచ్చినప్పుడల్లా, తప్పు చేసినవాడిలా నవ్వి పక్కకి జరుగుతుంటాడు. మొదట ఆ సిపాయిలు విసుక్కుంటారు. కాసేపటికి, ఫిరంగి గుండు పక్కనే పడినా కదలని ఈ బొద్దు మనిషి మీద వాళ్లకి ఆపేక్ష పుడుతుంది. ‘మన దొర’ అని పేరు పెట్టుకుంటారు.

1812 సెప్టెంబరు 7న, మాస్కోకి పడమట, నెపోలియన్ సేనకీ కుతూజొవ్ నడిపిన రష్యన్ సేనకీ జరిగిన యుద్ధమది. చనిపోయినవాళ్లూ గాయపడినవాళ్లూ కలిపి ఆ ఒక్కరోజులో 70 వేలకు పైమాటే. ఏ సైనిక పత్రంలోనూ పియెర్ పేరు ఉండదు, అతను టాల్‌స్టాయ్ ఊహలో పుట్టినవాడు కనుక. అయినా ‘యుద్ధము-శాంతి’ చదివినవాళ్లకి బొరొదినో అనగానే ముందు కళ్లకు కట్టేది ఆ తెల్ల టోపీయే. చరిత్రలో లేనివాడు చరిత్రకి సాక్షి ఎలా అయ్యాడు?

ఈ దారిని గట్టిగా వేసినవాడు వాల్టర్ స్కాట్. 1814లో వచ్చిన ‘వేవర్లీ’లో ఒక మామూలు యువకుణ్ణి తెచ్చి 1745 నాటి స్కాట్లండ్ తిరుగుబాటు నడిమధ్యలో పెట్టాడు. కానీ యుద్ధంలో చిక్కుకున్న మనిషికి ఏమీ అర్థం కాదన్న సంగతిని నిర్భయంగా రాసినవాడు మాత్రం ఫ్రెంచి రచయిత స్టెండాల్. అతని ‘పార్మా ఛార్టర్‌హౌస్’ నవల 1839లో వచ్చింది. అందులో ఫబ్రీస్ అనే ఇటలీ కుర్రాడు నెపోలియన్ మీద భక్తితో వాటర్లూకి పరుగెత్తుకొస్తాడు. అక్కడ అతనికి ఎదురైన మొదటి దృశ్యం ఒక శవం. బూట్లు ఎవరో ఊడదీసుకుపోయారు. పాదాలు మురికిగా ఉన్నాయి, ఒక కన్ను తెరుచుకునే ఉంది. తర్వాత ఒక దుక్కి పొలంలో తడిమట్టి చిన్న చిన్న నల్ల పెళ్లలుగా ఎగిరిపడుతుంటుంది. అది తన చుట్టూ పడుతున్న గుండ్ల వల్లేనని తెలియడానికి అతనికి కాసేపు పడుతుంది. చక్రవర్తి పక్కనుంచే గుర్రం మీద వెళ్లిపోతాడు. ఫబ్రీస్ అప్పటికే బ్రాందీ తాగి ఉన్నాడు, పోల్చుకోలేడు! చివరికి సొంత పక్షం వాళ్లే అతన్ని గుర్రం మీంచి ఎత్తి దించేసి, ఆ గుర్రాన్ని ఒక జనరల్‌కి ఇచ్చేస్తారు. కుర్రాడు కూర్చుని ఏడుస్తాడు. తాను చూసింది నిజంగా యుద్ధమేనా, అది వాటర్లూయేనా అన్న సందేహం అతన్ని ఆ తర్వాత కూడా వదలదు.

స్టెండాల్ వాటర్లూలో లేడు. కానీ 1812లో నెపోలియన్ సేనతో మాస్కో దాకా వెళ్లి, ఆ భయంకరమైన తిరుగు ప్రయాణం చేసి బతికి బయటపడ్డాడు. యుద్ధాన్ని అర్థం చేసుకోవడం అతని దగ్గరే నేర్చుకున్నానని టాల్‌స్టాయ్ పెద్దవయసులో చెప్పుకున్నాడు. టాల్‌స్టాయ్ కూడా ఊరికే ఊహించి రాయలేదు. సెవస్తోపోల్ ముట్టడిలో ఫిరంగి దళంలో పనిచేశాడు. బొరొదినో ఘట్టం కోసం 1867లో ఆ మైదానానికి వెళ్లి చుట్టూ తిరిగి చూశాడు. పాత్రలు కల్పితమైనా నేల కల్పితం కాదు. దిబ్బ ఎక్కడుందో, వాగు ఎటు పారుతుందో, ఉదయపు ఎండ ఎవరి కళ్లలో పడుతుందో తెలిసినప్పుడే కల్పిత పాత్ర కాళ్లు నేలకి ఆనుతాయి.

ఇక అసలు పనితనం రచయిత తన జ్ఞానాన్ని దాచుకోవడంలో ఉంది. ఎవరు గెలిచారో రచయితకీ తెలుసు, పాఠకుడికీ తెలుసు. పాత్రకి మాత్రం తెలియకూడదు. దిబ్బ మీద పియెర్ ఒక ఫ్రెంచి అధికారిని ఢీకొంటాడు. ఇద్దరూ ఒకరినొకరు ఒడిసి పట్టుకుంటారు. నేను ఇతనికి దొరికానా, ఇతను నాకు దొరికాడా అని ఇద్దరికీ సందేహమే! అంతలో తల మీదుగా గుండు దూసుకుపోతే చెరో దిక్కుకీ పరుగు. అదే నవలలో ఇంకో పాత్ర ఆంద్రేయ్ బోల్కోన్‌స్కీ దళం సంగతి ఇంకా ఘోరం. ఒక్క తూటా కాల్చకుండా, ఉత్తినే నిలబడి, మనుషుల్ని పోగొట్టుకుంటూ ఉంటుంది. యుద్ధంలో ఎక్కువ భాగం ఎదురుచూడటమేనన్న నిజం అక్కడ తెలుస్తుంది. కల్పిత వీరుడే యుద్ధాన్ని గెలిపించే నవలలు నాకు రుచించవు. వాటిలో యుద్ధం అతని పరాక్రమానికి వెనక కట్టిన తెరగా మిగిలిపోతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన సాక్షి ‘యుద్ధము-శాంతి’లోని ఆరేళ్ల పిల్ల మలాషా. బొరొదినో తర్వాత ఫిలీ గ్రామంలో ఒక రైతు ఇంట్లో సేనాపతులు సమావేశమయ్యారు. మాస్కోని వదిలేయాలా, కాపాడాలా అన్నది ప్రశ్న. రష్యన్ ఇళ్లలో పైన పడుకోవడానికి వీలుగా కట్టే పెద్ద పొయ్యి మీద కూర్చుని ఆ పిల్ల అంతా చూస్తుంది. కుతూజొవ్ ఆమెకి తాత. ఇంతకుముందే చక్కెర ముక్క ఇచ్చాడు. ఎదురు వాదిస్తున్న బెన్నిగ్‌సెన్ పొడుగు కోటాయన. ఇద్దరికీ ఏదో పోట్లాట అని ఆమె లెక్క. మనసులో తాత పక్షమే. మాస్కోని వదిలేయాలని తేలాక, అన్నానికి ఆలస్యమైన ఆ పిల్ల ఒట్టికాళ్లతో పొయ్యి గట్టులు పట్టుకుంటూ దిగి, జనరళ్ల కాళ్ల మధ్య నుంచి దూరి వెళ్లిపోతుంది. 1880లో చిత్రకారుడు కివ్‌షెంకో ఆ సమావేశాన్ని బొమ్మగా గీస్తూ మలాషాని కూడా పొయ్యి మీద కూర్చోబెట్టాడు. కల్పిత పాత్ర చరిత్ర పటంలోకి ఎక్కి కూర్చుంది!

ఇవి చదివినప్పుడల్లా నా మనసు బొబ్బిలి మీదికి పోతుంది. 1757 జనవరి 24. కోట లోపల బొబ్బిలి రాజు రంగారావు మనుషులు. బయట ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, పక్కన విజయనగరం రాజు విజయరామరాజు సేన. రాజుల గురించీ, తాండ్ర పాపారాయుడి గురించీ బుర్రకథలు మనకి కడుపునిండా చెప్పాయి. కానీ ఆ రోజు విజయరామరాజు గుడారాల దగ్గర నీళ్లు మోసిన కుర్రాడు ఏం చూశాడు? కోటలోంచి వినబడిన కేకలు తన భాషలోనే ఉంటే ఏమనుకున్నాడు? కోటలో అతని మేనత్త ఉంటే? మన నవలాకారులకి నా విన్నపం ఒక్కటే. వెళ్లి బొబ్బిలి నేల మీద ఒక రోజంతా తిరగండి. ఆ కుర్రాడికి ఒక పేరు పెట్టండి.