చిన్న కుక్కకు ఆపరేషన్ ఎప్పుడు?

పామేరియన్, షీట్జూ, పగ్ వంటి చిన్న జాతి కుక్కకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించాలా వద్దా అన్నది ముందుగా అది ఆడదా, మగదా అన్న దాన్నిబట్టి తేలుతుంది.

ఆడకుక్క చాలావరకు 6 నుంచి 10 నెలల మధ్య మొదటిసారి ఎదకు వస్తుంది. ఆపరేషన్ చేయించకుండా వదిలేస్తే వయసు మళ్లేకొద్దీ పెరిగే ముప్పు గర్భసంచికి చీము పట్టడం. దీన్నే డాక్టర్లు పయోమెట్రా అంటారు. ఇది వస్తే ఎద ముగిసిన నెలా రెండు నెలలకు కుక్క తిండి మానేస్తుంది. గిన్నెడు నీళ్లు తాగి, కాసేపటికే మళ్లీ ఆ గిన్నె దగ్గరికే వస్తుంది. వెనక భాగాన్ని నాకుతూ కూర్చుంటుంది. చీము బయటికి కారితే ఇంట్లోవాళ్లు గుర్తుపడతారు. గర్భసంచి నోరు మూసుకుపోతే కారేదేమీ ఉండదు, గుర్తించేసరికి ప్రాణం మీదికి వస్తుంది. నీరసించిన ఆ ఒంటిమీద చేసే ఆపరేషన్, ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేసేదానికన్నా ఎంతో ప్రమాదం. పిల్లలు వద్దనుకున్న ఇంట్లో ఆడకుక్కకు ఆపరేషన్ వాయిదా వేయడానికి గట్టి కారణం ఉండాలి.

‘ఒక్క ఈతైనా ఈనాలి’ అన్న నమ్మకం అలాంటి కారణం కాదు. దానికి వైద్యంలో ఆధారం లేదు. పైగా పగ్ వంటి పెద్ద తల జాతుల్లో కాన్పు తరచూ సిజేరియన్‌దాకా పోతుంది.

మగకుక్క విషయంలో అంత తొందర లేదు. అయితే ఒక వృషణం కిందికి దిగకుండా కడుపులోనే ఉండిపోతే అది గడ్డగా మారే అవకాశం ఎక్కువ కాబట్టి తీయించాల్సిందే. భయంతో మొరిగే, కరవబోయే కుక్క ఆపరేషన్‌తో నెమ్మదిస్తుందని మాత్రం ఆశించకూడదు.

త్వరగా చేయిస్తే కీళ్ల జబ్బులు వస్తాయన్న భయం ఎక్కువగా పెద్ద జాతులకే వర్తిస్తుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు 35 జాతులను పరిశీలించి 2020లో ప్రచురించిన ఫలితాల్లో చిన్న జాతులకు ఆ ముప్పు పెరిగినట్టు దాదాపు కనిపించలేదు. డాక్స్‌హండ్ సంగతి వేరు. దానికి వెన్ను డిస్కుల జబ్బు ఎక్కువ కాబట్టి ఏడాది నిండేదాకా ఆగడం మేలు.

రెండు మూడు కిలోల కూనను ఆపరేషన్‌కు ముందు రాత్రంతా పస్తు పెడితే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. ఎన్ని గంటలు ఆపాలో డాక్టర్నే అడగాలి. ఊడని పాలకోరలుంటే అదే మత్తులో తీయించవచ్చు. కుట్లు మానే 10–14 రోజులు మెడకు కాలర్ తీయకూడదు. ఆ తర్వాత ఆకలి పెరుగుతుంది, ఒంటికి కావలసిన తిండి తగ్గుతుంది. అందుకే పెట్టే కొలత తగ్గించి, నెలనెలా బరువు చూడాలి.