గడ్డం తీయించుకున్న మాంత్రికుడు

అనంతపురం పేరు చెప్పగానే తెలుగు పాఠకుడికి కరువు కథ గుర్తొస్తుంది. సింగమనేని నారాయణ, చిలుకూరి దేవపుత్ర, బండి నారాయణస్వామి లాంటివాళ్ళు ఎండిన బావుల్ని, వాన కోసం మొగం వాచిన శెనక్కాయ చేలను సాహిత్యంలో నిలబెట్టారు. ఆ గౌరవం వాళ్ళకు దక్కాల్సిందే. అయితే ఇదే జిల్లా తాడిపత్రిలో 1912లో పుట్టిన కదిరి వెంకటరెడ్డిని, అంటే సినిమా దర్శకుడు కె.వి.రెడ్డిని, సీమ కథకుల వరసలో ఎవరూ చెప్పరు. చెప్పాలంటాను నేను. మంత్రాన్నీ ప్రేమనూ ఒకే కథలో నడపడం ఎలాగో తెలుగువాళ్ళకు ఆయనకన్నా బాగా చూపించినవాళ్ళు లేరు.

ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలు ఇప్పుడు ఇష్టంగా చదివే ఫాంటసీ నవలల్లో ఈ రెండూ కలిసే ఉంటాయి. రాయడానికి కూర్చుంటే తెలుస్తుంది, ఇవి ఒకదానికొకటి పొసగవని. కోరిందల్లా చిటికెలో దక్కే లోకంలో ఎదుటి మనిషి మనసుతో పనేముంది? మంత్రం బలిసేకొద్దీ ప్రేమ చులకనవుతుంది. ఈ చిక్కుముడిని కె.వి.రెడ్డి, రచయిత పింగళి నాగేంద్రరావు కలిసి 1951లో ‘పాతాళభైరవి’లో విప్పారు.

మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథల్లోంచి తీసుకున్న బీజం అది. తోటరాముడు రాకుమారి ఇందుమతిని ప్రేమించాడు, ఆమె కూడా అతన్ని ప్రేమించింది. అందుకు ఏ మంత్రమూ అక్కర్లేకపోయింది. తనతో సమానమైన సంపద తెస్తేనే పిల్లనిస్తానని రాజు షరతు పెట్టాక మాత్రమే రాముడికి మంత్రంతో పనిపడింది. మేడలూ మణులూ ఇచ్చే పాతాళభైరవి ప్రతిమ మంచివాడినీ చెడ్డవాడినీ ఎంచదు. ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ మాట వింటుంది. అందుకే అది నేపాళ మాంత్రికుడి చేతికి చిక్కినప్పుడు ఇందుమతి అతని గుహకు చేరుతుంది, రాముడి వైభవమంతా మాయమవుతుంది.

సినిమాకు ప్రాణం ఆ తర్వాతి ఘట్టాల్లో ఉంది. ఎస్.వి.రంగారావు మాంత్రికుడికి అన్నీ ఉన్నాయి, ఇందుమతి ఒప్పుకోలు తప్ప. దాన్ని ఇవ్వమని ప్రతిమను అడిగే వీలు లేదు. అతని శక్తంతా గడ్డంలో ఉంది. శిష్యుడు సదాజపుడి వేషంలో వచ్చిన రాముడి నేస్తం అంజి, ఆ గడ్డం తీసేస్తే రాకుమారికి నచ్చుతావని నమ్మిస్తాడు. నచ్చాలన్న ఆశతో తన బలాన్ని తానే గొరిగించుకుంటాడు మాంత్రికుడు. ప్రపంచాన్ని గడగడలాడించినవాడు ఒక ఆడపిల్ల మెప్పు కోసం మామూలు మనిషైపోయాడు. అతని మీద కాస్త జాలి కలుగుతుంది నాకు. ప్రతినాయకుడిని కూడా ప్రేమ కోరికతోనే ఓడించిన ఈ అల్లికకు సాటి రాగల ఫాంటసీ నవలలు అరుదు.

‘మాయాబజార్’ (1957) మరో మెట్టు పైకెక్కింది. ప్రియదర్శిని పేటిక తెరిస్తే ఎవరికి ప్రియమైనది వాళ్ళకు కనబడుతుంది. శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు. ఆ పెట్టె ప్రేమను పుట్టించదు, ఉన్న ప్రేమను బయటపెడుతుంది. కృష్ణుడు చూస్తే శకుని కనిపిస్తాడు, ఆ ఒక్క దెబ్బతో రాబోయే రాజకీయమంతా తెలిసిపోతుంది. తర్వాత ఘటోత్కచుడు శశిరేఖ రూపం దాలుస్తాడు. సావిత్రి ముఖం అదే, నడకా చూపూ మాత్రం రాక్షసుడివి. పెళ్ళికొడుకు లక్ష్మణకుమారుడికి పెళ్ళికూతురి రూపం దక్కింది, పెళ్ళికూతురు దక్కలేదు. గుట్టు ప్రేక్షకుడికి ముందే తెలుసు కాబట్టి ప్రతి క్షణం రసవత్తరంగా సాగుతుంది. రహస్యాన్ని చివరిదాకా దాచడమే గొప్పనుకునే కొత్త రచయితలు ఈ పెళ్ళి తంతును ఒకటికి రెండుసార్లు చూడాలి.

సెట్లోకి వెళ్ళేలోపే స్క్రిప్టు సిద్ధం చేసుకుని, ప్రతి సన్నివేశం ఎంతసేపు నడవాలో స్టాప్‌వాచ్ పట్టి తేల్చుకోవడం కె.వి.రెడ్డి పద్ధతి. అద్భుతం నమ్మకంగా ఉండాలంటే ఆ లెక్క కావాలి. నియమం ముందే చెప్పాలి, దాన్ని ఎక్కడా తప్పకూడదు.

‘జగదేకవీరుని కథ’ (1961) దగ్గర మాత్రం నా మనసు ఒప్పుకోదు. కథానాయకుడు దేవకన్య జయంతి చీర దాచేసి ఆమెను భూమ్మీద నిలుపుకోవడం పాత జానపద కథల నుంచి వచ్చిన ఎత్తే, కానీ అది బలవంతమే. చీర చేతికి రాగానే ఆమె వెళ్ళిపోవడం, అతను వెతుక్కుంటూ పోవాల్సి రావడం ఆ తప్పును కొంత దిద్దుతాయి. ఇవాళ ఎవరైనా ఆ కథను తిరగరాస్తే జయంతి వైపు నుంచి మొదలుపెట్టాలి.

తెర మీద మాయ చూపడానికి సినిమా ఒక్కటే దారి కాదు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట ఇంకా బతికే ఉంది. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. మేకతోలును పలచగా, వెలుతురు దూరేలా చేసి, రంగులద్ది, కీళ్ళ దగ్గర కదిలేలా కడతారు. బొమ్మను తెరకు ఆనిస్తే గీత గీతా స్పష్టంగా కనబడుతుంది. దీపం వైపు వెనక్కి లాగితే నీడ ఉబ్బుతుంది, అంచులు చెదురుతాయి. ఒక్క చేతి కదలికతో ఆకారం పెరిగిపోతుంది. పేజీలకు పేజీలు వర్ణన రాసేవాళ్ళు ఆ పొదుపు నేర్చుకోవాలి.

‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ‘శిథిలాలయం’, ‘యక్షపర్వతం’ లాంటి సీరియళ్ళు సాహసం చుట్టూ తిరుగుతాయి, ప్రేమకు వాటిలో చోటు తక్కువ. రెండూ కావాలంటే సినిమావైపే చూడాలి. కె.వి.రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు ‘భైరవద్వీపం’ (1994)లో కథానాయకుణ్ణి కురూపిని చేసి, ప్రేమ దేనిమీద నిలబడుతుందో అడిగాడు. 2005లో వచ్చిన హారీ పాటర్ ఆరో నవలలో మెరోపీ అనే అమ్మాయి మందు తాగించి మగణ్ణి వశం చేసుకుంటుంది. మందు ఆపేసిన నాడు అతను ఆమెను వదిలిపోతాడు. మన మాంత్రికుడికి ఎదురైన గోడే అక్కడా ఉంది.

కల్యాణదుర్గం వైపు ఒక పదిహేడేళ్ళ అమ్మాయి ఇలాంటి నవల రాస్తే చదవాలని నాకు ఎంతో ఆశ. చుట్టూ వందల అడుగులు దిగినా చుక్క పడని బోర్లు. ఒక మంత్రం నీళ్ళు రప్పిస్తుంది, కానీ ఆ నీళ్ళు పక్క చేను బోరులోంచి వస్తాయి. బోర్ల మధ్య ఈ పోటీ మన పల్లెల్లో నిజంగా జరిగేదే, అందులో మంత్రం వేరే కలపక్కర్లేదు. ఆ పక్క చేను, కథానాయిక మనసిచ్చిన అబ్బాయిది.