విడదీశాక కలపడం

అమీర్‌పేటలో సీసీఎన్ఏ నేర్చుకున్నవాళ్లకి సబ్‌నెట్ లెక్కలు నోటికొచ్చు. స్లాష్ 24 అంటే 254 అడ్రస్‌లు, స్లాష్ 26 అంటే 62. అయితే విడదీసిన సబ్‌నెట్లను మళ్లీ ఎక్కడ కలపాలి, ఎంతవరకు కలపాలి అన్నదాంట్లోనే అసలు పనితనం ఉంది.

ఆఫీసు మొత్తం ఒకే సబ్‌నెట్‌లో ఉంటే ఒక మెషీన్ వేసే బ్రాడ్‌కాస్ట్ అన్నింటికీ చేరుతుంది. అకౌంట్స్ కంప్యూటరూ, బయటినుంచి వచ్చినవాళ్ల ఫోనూ పక్కపక్కనే ఉంటాయి. ఆ బాధ తప్పించడానికే వీల్యాన్లు. 1998లో వచ్చిన 802.1క్యూ ప్రమాణం ఫ్రేములో 4 బైట్ల ట్యాగు చేర్చింది. అందులో 12 బిట్లు వీల్యాన్ నంబరుకే. ఇలా విడదీసినవాటిని కలపడానికి ఒకప్పుడు ఒక రౌటర్ పెట్టి ఒకే కేబుల్ లాగేవారు. వెళ్లేదీ వచ్చేదీ ఆ తీగ మీదే కాబట్టి అక్కడే రద్దీ. లేయర్ 3 స్విచ్ ఆ పని తన చిప్‌లోనే కానిచ్చేస్తుంది.

అకౌంట్స్‌కి వీల్యాన్ 10, సర్వర్లకి 20 అనుకుందాం. పోర్టులు కేటాయించాక ఒక్కో వీల్యాన్‌కి ఒక వర్చువల్ ఇంటర్‌ఫేస్ తెరిచి 192.168.10.1, 192.168.20.1 ఇస్తాం. ఆయా మెషీన్లకు అవే గేట్‌వేలు. వీల్యాన్ నంబరునే ఐపీలో మూడో సంఖ్యగా పెట్టడం ఈ వృత్తిలోని చక్కటి అలవాటు. అర్ధరాత్రి ఫోన్‌లో అడ్రస్ వినగానే ఏ విభాగమో తెలిసిపోతుంది. సిస్కో స్విచ్ అయితే 'ఐపీ రూటింగ్' అనే కమాండ్ కూడా ఇవ్వాలి. అది లేకపోతే గేట్‌వే పింగ్‌కి పలుకుతుంది గానీ పక్క సబ్‌నెట్‌కి దారి ఉండదు.

ఇప్పుడు 192.168.10.25 నుంచి 192.168.20.5కి ఒక ప్యాకెట్ బయల్దేరిందనుకోండి. మాస్క్‌తో పోల్చి చూసుకుని, అవతలిది తన సబ్‌నెట్ కాదని మెషీన్ గ్రహిస్తుంది. ఏఆర్‌పీతో గేట్‌వే మ్యాక్ అడ్రస్ తెలుసుకుని ఫ్రేమును స్విచ్‌కి ఇస్తుంది. స్విచ్ రెండు మ్యాక్ అడ్రస్‌లనూ మార్చి, టీటీఎల్‌లో ఒకటి తగ్గించి పంపుతుంది. ఐపీలు మాత్రం చెక్కుచెదరవు. విండోస్ సర్వర్ ఇచ్చే జవాబులో టీటీఎల్ 128 బదులు 127 కనిపిస్తే, అది దారిలో ఒక రౌటింగ్ మెట్టు దాటి వచ్చిందన్నమాట. ఆ ఒక్క అంకెను చూసి సంగతి పసిగట్టగలగడం కమాండ్లు బట్టీపట్టడం కన్నా ఎంతో విలువైన విద్య.

చాలాసార్లు తేడా వచ్చేది తిరుగు దారిలో. సర్వర్‌కి గేట్‌వే పెట్టకపోతే ప్యాకెట్ చేరుతుంది, జవాబు రాదు. తన సబ్‌నెట్‌లో అందరికీ అది బాగానే పలుకుతుంది కాబట్టి అనుమానమంతా స్విచ్ మీదికే పోతుంది. ఇక డీహెచ్‌సీపీ బ్రాడ్‌కాస్ట్ సబ్‌నెట్ దాటదు. సర్వర్ వేరే వీల్యాన్‌లో ఉంటే ఇంటర్‌ఫేస్ మీద హెల్పర్ అడ్రస్ రాయాల్సిందే.

రూటింగ్ మొదలయ్యాక, మనం అడ్డుకుంటే తప్ప ప్రతి సబ్‌నెట్ నుంచీ ప్రతి సబ్‌నెట్‌కీ దారి తెరిచే ఉంటుంది. అందుకే యాక్సెస్ లిస్ట్‌ని తర్వాత చూద్దామనుకోకుండా ఆ రోజే రాసేయాలి. పై నుంచి చదువుతూ మొదట సరిపడిన లైను దగ్గరే స్విచ్ ఆగిపోతుంది. కాబట్టి గెస్ట్ వీల్యాన్‌కి కావలసిన డీహెచ్‌సీపీ, డీఎన్ఎస్ అనుమతులు ముందు, లోపలి సబ్‌నెట్లన్నిటికీ నిరాకరణ తర్వాత, ఇంటర్నెట్‌కి అనుమతి చివర రాయాలి. ఆపైన గెస్ట్ వైఫైలో ఒక ల్యాప్‌టాప్ పెట్టి రెండూ చూడాలి: ఇంటర్నెట్ రావాలి, 192.168.10.25 పలకకూడదు.