మురుగునీటి పరిశోధనలు - మంజీర లెక్క

జుక్కల్ మండలములోని కౌలాస్ వాగు మంజీరలో కలియును. 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరును నింపునదియు మంజీరయే. ఈ నది ఎగువభాగమున, సంగారెడ్డి సమీపమునుండి 1965లో హైదరాబాదునకు త్రాగునీరు గొనిపోవుట ఆరంభమైనది. 1990 తరువాత సింగూరు జలాశయపు నీరు కూడ ఆ దారినే పట్టినది.

నగరమునకు చేరిన నీటిలో నూటికి సుమారు 80 పాళ్లు మురుగునీరుగా వెలికి వచ్చునని ఇంజనీర్లు లెక్క కట్టుదురు. ఆ మురుగులో అధికభాగము మూసీనదిలోనికి పోవును. మూసీ కృష్ణకు ఉపనది. మంజీర గోదావరికి ఉపనది. కాబట్టి మంజీర నుండి నగరమునకు పోయిన నీరు దాదాపుగా మంజీరకు తిరిగి రాదు. ఈ విషయమును మనసునందుంచుకొని, ప్రజాధనముతో జరిగిన నీటి పునర్వినియోగ పరిశోధనలను పరిశీలింతము.

మొదట మంచిని చెప్పవలెను. 1958లో నాగపురమున స్థాపితమై, 1974 నుండి 'నీరి' అను పేరుతో పిలువబడుచున్న కేంద్ర పరిశోధనాలయము, మొక్కల మడులద్వారా మురుగును శుద్ధిచేయు పద్ధతిని రూపొందించినది. 2012-16 సంవత్సరములలో భారత ప్రభుత్వ జీవసాంకేతిక శాఖయు, ఐరోపా సమాజమును కలిసి ధనమిచ్చిన పథకములో, పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థ ఇట్టి మడులనే పరీక్షించినది.

ఈ మడి పనిచేయు విధము సులభముగా తెలియును. మురుగును ముందుగా ఒక తొట్టిలో నిలిపి మడ్డి దిగనిత్తురు. పిమ్మట దానిని కంకర నింపిన మడిగుండా మెల్లగా పారింతురు. అందు జమ్ము, మెట్టతామర వంటి మొక్కలు పెరుగుచుండును. నీరు కంకర పైకి రాదు గనుక దోమలకు తావుండదు. కంకరపైనను, వేళ్లపైనను పలుచని పొరగా పెరిగిన సూక్ష్మజీవులు మలినమును ఆహారముగా గొనును. వేళ్లచెంత ఆమ్లజని లభించును గనుక అచ్చట అమ్మోనియా నైట్రేటుగా మారును. ఆమ్లజని లేని చోట్ల ఆ నైట్రేటు నత్రజని వాయువై ఎగిరిపోవును. పెద్ద యంత్రములు అక్కరలేదు. కరెంటు ఖర్చు స్వల్పము. పల్లెకు తగిన విద్య యని ఒప్పుకొనవలసినదే.

మూసీపై జరిగిన మరియొక పరిశోధన ఇంకను రమ్యమైనది. నగరము దాటి నది సుమారు 40 కిలోమీటర్లు పారునప్పటికి రోగకారక క్రిములును, ఏలికపాముల గ్రుడ్లును బాగుగా తగ్గుచున్నవని తేలినది. నదికి అడ్డముగా కట్టిన ఆనకట్టల వెనుక నీరు నిలిచి, గ్రుడ్లు అడుగునకు దిగుటయే ఇందుకు ముఖ్యకారణము. పంటకొరకు కట్టిన కట్ట శుద్ధికేంద్రపు పనికూడ చేసినదన్నమాట! అయితే నీటిలో కరిగిన లవణములు ఇట్లు అడుగునకు దిగవు. అవి పొలమునకే చేరును.

ఇక లోపములు. మొదటిది, నూటికిన్ని పాళ్లను లెక్క. "నూటికి 99 పాళ్లు క్రిములు నశించినవి" అన్నచో వినుటకు గొప్పగా నుండును. కాని 100 మిల్లీలీటర్ల మురుగులో కోటి క్రిములున్నవనుకొనుడు. 99 పాళ్లు పోగా లక్ష మిగులును. పచ్చిగా తిను కూరలకు పారించు నీటిలో వేయికి మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 1989లో హద్దు పెట్టినది. 2006లో ఆ సంస్థ పద్ధతిని మార్చి, నీటినుండి పంటవరకు గల ప్రమాదమునంతటిని లెక్కింపుమన్నది. కాబట్టి పోయిన పాళ్లనుగాక మిగిలిన సంఖ్యను ముందు చెప్పుట పరిశోధకుల ధర్మము. అట్లే, నదిలోనికి వదలు నీటిలో నత్రజని తగ్గవలెను. పొలమునకు పెట్టు నీటిలో అదే ఎరువు. దానిని మడిలో పోగొట్టి, పిదప రైతుచేత యూరియా కొనిపించుట ఏమి తెలివి? వాడుక ఏదో తేల్చిన పిమ్మటనే శుద్ధి ఎంతయో నిర్ణయింపవలెను.

రెండవది మరింత గంభీరమైనది. ఇండ్ల మురుగునకు చెల్లిన పద్ధతి అన్ని మురుగులకు చెల్లదు. పటాన్‌చెరువు వద్దనే మందుల కర్మాగారముల వ్యర్థజలమును శుద్ధిచేయు ఉమ్మడి కేంద్రము కలదు. దానినుండి వెలువడిన నీటిని స్వీడను శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ఫలితములు ప్రకటించిరి. లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ కనబడినది. ఆ మందు సేవించిన రోగి రక్తమున నుండు మోతాదుకంటె ఇది అధికము! నీటిని శుద్ధిచేయవలసినది సూక్ష్మజీవులు. ఈ మందు చంపునది సూక్ష్మజీవులనే. చావక మిగిలినవి మందునకు లొంగని జాతులగును. ఆ నీరు నక్కవాగుద్వారా మంజీరలో చేరెడిది. తరువాత దానిని సుమారు 18 కిలోమీటర్ల గొట్టముతో అంబర్‌పేటకు, అనగా మూసీ వైపునకు మరలించిరి. మంజీరకు కొంత ఊరట కలిగినది నిజమే. కాని నదిని మార్చుట శుద్ధి కాజాలదు. ఇట్టి వ్యర్థములను పుట్టినచోటనే వేరుచేయు పరిశోధనకు ప్రజాధనము ముందుగా పోవలెను.

మూడవ లోపము ఆరంభమున చెప్పినదే. పరిశోధకులు కేంద్రములోనికి వచ్చిన నీటిని, వెలికిపోయిన నీటిని కొలుతురు. నీరిచ్చిన నదికి ఎంత తిరిగి ముట్టినదో కొలవరు. సింగపూరు 2003 నుండి మురుగును శుద్ధిచేసి జలాశయములకును, కర్మాగారములకును పంపుచున్నది. నమీబియా రాజధాని విండ్‌హోక్ 1968 నుండియే త్రాగుటకు వాడుచున్నది. ఆ నగరములు తమ నీటిని తామే మరల వాడుకొనుచున్నవి. హైదరాబాదు అట్లు వాడుకొన్నంత మేరకు మంజీరనుండి తీయవలసినది తగ్గును. నిజాంసాగరు క్రింది రైతునకు ఆ మేరకు మేలు. పునర్వినియోగపు ఫలమును ఈ కొలతతో చూపిన నివేదికలే మనకు కావలెను. అవియు తెలుగున రావలెను. ధనమిచ్చినది ప్రజలు గనుక, ఫలితమును చదువు హక్కును వారిదే.

ఉపాధ్యాయులు ఈ విమర్శను పాఠముగా మార్చవచ్చును. మధ్యాహ్నభోజనమైన తరువాత పళ్లెములు కడుగుటకు ఎన్ని బకెట్ల నీరు వాడిరో విద్యార్థులచే ఒక వారము లెక్కింపజేయుడు. ఆ నీరు ఏ కాలువను పట్టి, ఏ వాగులో చేరునో పటముపై గీయింపుడు. జుక్కల్ బాలుడు ఆ గీతను మంజీరవరకు, హైదరాబాదు బాలుడు మూసీవరకు గీయును. రెండు పటములను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన విద్యార్థికి, పరిశోధనాలయమును ఏ ప్రశ్న అడుగవలెనో మనము వేరుగా చెప్పనక్కరలేదు.