భూతద్దం పట్టుకొని చదవాల్సిన పుస్తకం

ఫిర్దౌసి నాకు జాషువా గారి కావ్యంలోనే పరిచయం. పద్యానికో బంగారు నాణెమని ఆశపెట్టి వెండి చేతిలో పెట్టిన గజనీ సుల్తాను మీద కోపం చిన్ననాడే మనసుకెక్కింది. అంత రోషపడ్డవాణ్ణి, ఆ కవి రాసిన షానామాలో ఏముందో, పారశీక చిత్రకారులు దాన్ని ఎలా చదువుకున్నారో తెలుసుకోకుండానే ఎనభయ్యో పడిలో పడ్డాను. ఈ పుస్తకం రాసిన అమ్మాయి నా లోటు తీర్చింది.

ఫిర్దౌసి 1010లో ముగించిన ఆ ఇతిహాసానికి సచిత్ర ప్రతులు ఎన్నో. ఈమె ఎంచుకున్నది తబ్రీజులో షా తహ్మాస్ప్ కోసం తయారైన ప్రతి. అందులో 258 చిత్రాలు. అన్నిటి వెంటా పరుగులు తీయకుండా, సుల్తాన్ మహమ్మద్ గీసిన ‘గయూమర్స్ కొలువు’ దగ్గర ముప్పై పేజీలు తీరిగ్గా కూర్చుంది. ఆ నిదానం నాకు నచ్చింది.

మూరెడు పొడవు కాగితం. కొండ మీద చిరుతతోలు కట్టిన తొలి రాజు గయూమర్స్. ఒక పక్క కొడుకు సియామక్, ఇంకో పక్క మనవడు హుషంగ్. కింద కొలువువారు, వారి మధ్య సాధువులైపోయిన సింహాలు. ఈమె చెప్పినట్టే భూతద్దం పెట్టి చూశాను. బండల మడతల్లో మనుషుల ముఖాలు, జంతువుల మూతులు! కొండంతా ఊపిరి తీసుకుంటోంది. రాజు ముఖంలో మాత్రం దిగులు. సియామక్ రాక్షసుడి చేతిలో చనిపోతాడని కథ తెలిసినవారికే ఆ దిగులు అందుతుంది. బొమ్మలో యుద్ధం లేదు, నెత్తురు లేదు. రాబోయే దుఃఖమంతా ఆ చూపులోనే ఉంది.

1544లో దోస్త్ మహమ్మద్ ఒక చిత్రసంపుటికి పీఠిక రాస్తూ, చిరుతతోళ్ల మనుషులున్న ఈ బొమ్మ ముందు సాటి చిత్రకారులు సిగ్గుతో తలవంచారన్నాడు. పీఠికల్లో పొగడ్త కాస్త పొంగుతుందని నాకు తెలియనిది కాదు. భూతద్దం దించాక మాత్రం అతని మాట ఎక్కువనిపించలేదు.

ఒక్క ఫిర్యాదు. 1568లో ఒట్టోమన్ సుల్తానుకు కానుకగా వెళ్లిన ఆ గ్రంథం ఇరవయ్యో శతాబ్దంలో ఒక అమెరికన్ సేకర్త చేతిలో పుటపుటగా విడిపోయింది. మిగిలిన 118 చిత్రాలను ఇరాన్ 1994లో డి కూనింగ్ చిత్రం ఒకటి ఇచ్చి వెనక్కి తెచ్చుకుంది. గయూమర్స్ మాత్రం టొరంటోలో ఉండిపోయాడు. ఇంత కథకు ఆరు పేజీలేనా, అమ్మా? రెండో ముద్రణలో పెంచు. ఆ ముద్రణ త్వరగా రావాలని ఆశీర్వదిస్తున్నాను.

పాఠకులకు ఒక మనవి: భూతద్దం ఎవరిది వారే కొనుక్కోండి. నాది ఇప్పట్లో ఖాళీ అవదు.