మీవాడి టక్కర్

మైదానంలో ఆటగాడు తప్పు చేస్తే రిఫరీ చిన్న చీటీ తీసి వాడి చొక్కా నెంబరు రాసుకుంటాడు. కులమూ మతమూ రాసుకోడు. ఆ పని తెల్లారేలోగా వేరేవాళ్లు పూర్తి చేస్తారు. ఆ వేరేవాళ్లలో పత్రికలవాళ్లం మేమూ ఉన్నాం. కనక ఈ మాట చెప్పే హక్కూ ఉంది, చెప్పుకోవాల్సిన అవసరమూ ఉంది.

2006 జూలై 9న బెర్లిన్‌లో ప్రపంచ కప్ ఫుట్‌బాల్ ఫైనల్. ఫ్రాన్స్‌కీ ఇటలీకీ ఆట. మన గడియారాల్లో అప్పటికే తేదీ మారిపోయింది. హైదరాబాద్‌లో ఒక పత్రిక రాత్రి డెస్కులో సిటీ ఎడిషన్ ఆపుకుని టీవీ ముందు కూర్చున్నాం. స్కోరు 1-1. అదనపు సమయం నడుస్తోంది. 110వ నిమిషంలో ఫ్రాన్స్ కెప్టెన్ జిదాన్, ముందుకు వెళ్తున్నవాడల్లా గిర్రున వెనక్కి తిరిగి వచ్చి, ఇటలీ ఆటగాడు మార్కో మతెరాజ్జీ గుండెల మీద తలతో పొడిచాడు. మా హైదరాబాదీ భాషలో చెప్పాలంటే టక్కర్ ఇచ్చాడు. ఎర్రకార్డు. అది అతని జీవితంలో చివరి ఆట. కప్పు పక్కనుంచి తల వంచుకుని లోపలికి వెళ్లిపోయాడు.

అప్పుడు పక్క కుర్చీలోంచి ఒక మాట వచ్చింది. "ఏం భాయ్, మీవాడు కొంప ముంచాడే!" అన్నవాడు చెడ్డవాడు కాదు. ఏటా రంజాన్‌కి మా ఇంటి షీర్ ఖుర్మా తాగినవాడే. నవ్వుతూనే అన్నాడు. మేమూ నవ్వేశాం. నవ్వకపోతే అదో గొడవ. పేజీ పంపించి బండి మీద ఇంటికి పోతుంటే మాత్రం ఆ 'మీవాడు' మా వెనక సీట్లో కూర్చుని వచ్చింది. అదే ఆటలో ఏడో నిమిషంలో జిదాన్ కొట్టిన పెనాల్టీ పై కమ్మీకి తగిలి గీత లోపల పడితే, అదే నోరు "ఫ్రాన్సోడు ఏం కొట్టాడ్రా!" అంది. గోల్ కొట్టినంతసేపూ ఫ్రాన్సువాడు. టక్కర్ కొట్టగానే మావాడు. నూరు నిమిషాల్లో ఇంత దూరం నడిచింది అతని పౌరసత్వం.

ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తే చదివేవాళ్లకి బాగుంటుంది. మాకూ సులువుగా ఉంటుంది. కానీ ఆ వారంలో మేం చేసింది కూడా చెప్పాలి.

మేం రెండు భాషల్లో రాసి బతికేవాళ్లం. ఆ వారం జిదాన్ మీద రెండు వ్యాసాలు రాశాం. ఉర్దూ పేజీలో అతను జైనుద్దీన్ జైదాన్. తెలుగు పేజీలో జిదాన్. పేరే కాదు, మనిషినే మార్చేశాం.

ఉర్దూ వ్యాసానికి గైరత్ అన్న మాట చుట్టూ శీర్షిక కట్టాం. తల్లినీ తోబుట్టువునీ అంటే ఏ మగాడు ఊరుకుంటాడు, కప్పు కంటే ఆత్మగౌరవం పెద్దదని రాశాం. మతెరాజ్జీ అతన్ని ఉగ్రవాదికి ముడిపెట్టి తిట్టాడని, పెదాల కదలిక చదివేవాళ్లు కనిపెట్టారని అప్పుడు కొన్ని బ్రిటిష్ పత్రికలు అచ్చేశాయి. దాన్ని రుజువైన సంగతిలా మేమూ దించేశాం. మొహల్లాలో షేక్ హ్యాండులు ఇచ్చారు. చాయ్ డబ్బులు కూడా తీసుకోలేదు.

తెలుగు వ్యాసంలో గొంతు తగ్గింది. ఇస్లాం కోపాన్ని దిగమింగుకోమంటుందని, సబర్ అంటే ఏమిటని, జిదాన్ అంత నిష్ఠగా నమాజు చేసే మనిషేం కాదని, అతని పనిని బట్టి ముస్లింలను అంచనా వేయొద్దని రాశాం. ఎవరు అడిగారు? అచ్చులో ఎవరూ అడగలేదు. పక్క కుర్చీ అడిగింది. ఆ కుర్చీకి రాసిన సంజాయిషీని వ్యాసం పేరుతో అచ్చేసుకున్నాం. లౌకిక మిత్రులు చాలామంది "ఎంత సమతూకంగా రాశారు భాయ్" అన్నారు. వాళ్ల దృష్టిలో మా సమతూకం అంటే ముందుగా తల వంచడమేనని అప్పుడు తట్టలేదు.

ఒకే మనిషి, ఒకే దెబ్బ. ఒకచోట కౌమ్ పౌరుషం చేశాం, ఇంకోచోట కౌమ్ నెత్తిన పడ్డ నింద చేశాం. రెండు చోట్లా 'మీవాడు' అన్న మాటనే ఒప్పుకున్నాం. మొదటిదాన్ని మీసం తిప్పి ఒప్పుకున్నాం, రెండోదాన్ని చేతులు కట్టుకుని ఒప్పుకున్నాం.

నిజానికి ఎవరా మనిషి? 1972లో మార్సేయిలో పుట్టాడు. అమ్మానాన్నలు అల్జీరియాలోని కబైలీ ప్రాంతం నుంచి వలసొచ్చినవాళ్లు. కాళ్లలో ఎంత ఒడుపుందో తలలో అంత వేడి ఉంది. ఆటజీవితం మొత్తంలో 14 ఎర్రకార్డులు. 2000లో యువెంటస్ తరఫున ఆడుతూ హాంబర్గ్ జట్టు ఆటగాడికి ఇలాగే టక్కర్ ఇచ్చి అయిదు ఆటలు బయట కూర్చున్నాడు. అంతకుముందు, 1998 ప్రపంచ కప్‌లో, సౌదీ అరేబియా కెప్టెన్ ఫువాద్ అన్వర్‌ని బూటుకాలితో తొక్కి రెండు ఆటలకి దూరమయ్యాడు. తొక్కినవాడూ, తొక్కించుకున్నవాడూ ఇద్దరూ 'మీవాళ్లే'. అప్పుడు ఎవరి గైరత్ గురించి రాయాలి? ఎవరి తరఫున సంజాయిషీ ఇవ్వాలి? ఉర్దూ వ్యాసంలో ఈ సంగతి రాయలేదు. తెలుగు వ్యాసంలోనూ రాయలేదు. రాస్తే రెండు వ్యాసాలూ కూలిపోయేవి.

మతెరాజ్జీని వెనకేసుకొస్తున్నామనుకోవద్దు. తాను జిదాన్ అక్క గురించి అసభ్యంగా అన్నానని 2007లో అతనే బయటపెట్టాడు. నోటితో గిచ్చి అవతలివాణ్ణి మైదానం దాటించడం ఆటలో ఒక నీచమైన నేర్పు. ఫిఫా ఇద్దరినీ శిక్షించింది. జిదాన్‌కి మూడు ఆటలు, 7,500 స్విస్ ఫ్రాంకులు. మతెరాజ్జీకి రెండు ఆటలు, 5,000 ఫ్రాంకులు. తిట్టిన తప్పు తిట్టినవాడిది, కొట్టిన తప్పు కొట్టినవాడిది. పోతే, ఆ 'ఉగ్రవాది' తిట్టు సంగతి. అది అచ్చేసిన బ్రిటిష్ పత్రికలు 2008లో మతెరాజ్జీకి పరిహారం కట్టాయి. మేం ఒక్క వాక్యం సవరణ కూడా వేయలేదు. మన మీద లేనిపోనివి రాస్తున్నారని రోజూ గుండెలు బాదుకునే మేమే, ఒక ఇటలీవాడి మీద లేనిది రాసి ఊరుకున్నాం.

ఆటగాళ్ల సంగతి ఇలా ఉంటే, గుంపుల లెక్క ఇంకోలా ఉంటుంది. 1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఆటగాళ్లు కలబడ్డారు. అది చూసి గ్యాలరీలో అభిమానులు కొట్టుకున్నారు. తొక్కిసలాటలో 16 మంది పోయారు. 1985 మే 29న బ్రస్సెల్స్‌లోని హేసెల్ స్టేడియంలో లివర్‌పూల్ అభిమానులు మీదికి ఉరికితే గోడ కూలి 39 మంది చనిపోయారు. ఇంగ్లండ్ క్లబ్బుల్ని అయిదేళ్లు యూరప్ పోటీల్లోకి రానివ్వలేదు. 2021 జూలై 11న లండన్ వెంబ్లీలో యూరో ఫైనల్‌కి టిక్కెట్లు లేని గుంపులు గేట్లు తోసుకుని చొరబడ్డాయి. ఆ రాత్రే పెనాల్టీలు పోగొట్టిన ముగ్గురు నల్లజాతి కుర్రాళ్లని బూతులతో ముంచెత్తారు. వీళ్లని హూలిగన్లు అన్నారు, తాగుబోతులు అన్నారు, జాత్యహంకారులు అన్నారు. క్రైస్తవులు అనలేదు, హిందువులు అనలేదు. అనకపోవడమే సబబు.

ఇప్పుడు 2001 అక్టోబర్ 6 చూడండి. పారిస్ దగ్గర స్టాడ్ ద ఫ్రాన్స్‌లో ఫ్రాన్స్, అల్జీరియాల స్నేహపూర్వక ఆట. ఫ్రెంచి జాతీయగీతం వస్తుంటే ఈలలు వేశారు. ఫ్రాన్స్ 4-1తో గెలుస్తుండగా కుర్రాళ్లు మైదానంలోకి దూకారు. 76వ నిమిషంలో ఆట ఆగిపోయింది. ప్రాణం పోలేదు. అయినా ఆ సాయంత్రం వలసవాళ్ల పిల్లలు ఫ్రాన్స్‌లో కలుస్తారా కలవరా అన్న ప్రశ్నకి రుజువైపోయింది. మూడేళ్ల కిందట జిదాన్ రెండు గోల్స్‌తో కప్పు గెలిస్తే వీధుల్లో కలిసి చిందులేసిన దేశమే అది. ఈలలు వేసింది తప్పే, ఆట చెడగొట్టింది తప్పే. కానీ హేసెల్‌లో తప్పు చేసినవాళ్లకి న్యాయస్థానం ఉంది. ఇక్కడ తప్పు చేయనివాళ్లకి కూడా బోను సిద్ధంగా ఉంది. మాకు అభ్యంతరం శిక్ష మీద లేదు, ఆ బోను మీద ఉంది.

పొగడ్త కూడా ఈ బోనుకి రెండో తలుపే. మొహమ్మద్ సలా 2017లో లివర్‌పూల్‌కి వచ్చాక ఆ ప్రాంతంలో ద్వేష నేరాలు ఉండాల్సినదానికంటే 16 శాతం తగ్గాయని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చారు. సంతోషమే. కానీ గోల్స్ కొట్టేవాడి పుణ్యమా అని తగ్గిన ద్వేషం గోల్స్ ఆగిపోతే ఏమవుతుంది? ఆ జవాబు జర్మనీలో దొరికింది. 2018 ప్రపంచ కప్‌లో జర్మనీ మొదటి దశలోనే ఇంటికొస్తే, మెసుత్ ఒజిల్ టర్కీ అధ్యక్షుడు ఎర్డొగాన్‌తో దిగిన ఫొటో బయటికి తీశారు. గెలిస్తే జర్మన్‌ని, ఓడితే వలసదారునని చెప్పి జూలైలో అతను జాతీయ జట్టు వదిలేశాడు. ఆ మాట మా డెస్కులో ఎప్పుడో విన్నదే. అయితే ఇక్కడా రెండో మాట దాచకూడదు. విలేకరులని జైళ్లలో పెట్టిన పాలకుడి పక్కన నవ్వుతూ నిలబడటాన్ని విమర్శించాలి. విలేకరులుగా మేం విమర్శించాలి. ఒజిల్‌కి జరిగిన అన్యాయం ఆ ఫొటోని కడిగెయ్యదు. ఆ ఫొటో అతనికి జరిగిన అన్యాయాన్నీ న్యాయం చెయ్యదు.

టక్కర్‌కి ఒక విగ్రహం కూడా ఉంది. అల్జీరియాలో పుట్టిన శిల్పి అదెల్ అబ్దెస్సమెద్ అయిదు మీటర్ల ఎత్తున ఆ క్షణాన్ని కంచులో పోశాడు. 2012లో పారిస్‌లో పెట్టారు. 2013లో దోహా సముద్రతీరాన నిలబెడితే, విగ్రహం హరామ్ అని కొందరు, పిల్లలకి కొట్లాట నేర్పుతుందని కొందరు గొడవ చేశారు. కొద్ది వారాల్లోనే తీసేశారు. 2022లో అక్కడి క్రీడల మ్యూజియంకి తెచ్చారు. ఆ శిల్పంలో మాకు నచ్చింది ఒకటే. వంగిన ఆ తలలో పౌరుషం కన్నా ఓటమే ఎక్కువ కనిపిస్తుంది. మా ఉర్దూ వ్యాసం కంటే ఆ కంచుకే నిజాయితీ ఎక్కువ. మా వ్యాసం చదివినవాళ్లకి మటుకు పౌరుషమే కనిపించింది. ఆ తర్వాత ఏడాది బస్తీ మైదానంలో పిల్లల మ్యాచిలో ఒక కుర్రాడు అవతలి కుర్రాడి మూతి మీద టక్కర్ ఇచ్చాడు. రెండు పళ్లు ఊడాయి. ఎందుకు కొట్టావురా అని గద్దిస్తే, "జైదాన్ నై మారే క్యా? ఆపీచ్ తో లిఖే" అన్నాడు. జైదాన్ కొట్టలేదా, మీరే కదా రాశారు అని. వాడి మొహంలోకి చూడలేకపోయాం. నెత్తురు కారుతున్న పిల్లవాడూ మన పిల్లవాడే.

హైదరాబాద్‌వాళ్లకి ఇది నేర్పడానికి బెర్లిన్ దాకా పోనక్కర్లేదు. మన సయ్యద్ అబ్దుల్ రహీం ఉన్నాడు. బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకి శిక్షణ ఇచ్చి 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదు రోవర్స్ కప్పులు తెచ్చిపెట్టిన రహీం సాబ్. 1962 సెప్టెంబర్ 4న జకార్తాలో ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఇండోనేషియా రానివ్వలేదు. దాన్ని మన ప్రతినిధి జి.డి. సోంధీ తప్పుపట్టాడు. ఆ కోపంతో జకార్తా గుంపులు భారత రాయబార కార్యాలయం మీద పడ్డాయి. మైదానంలో లక్షకు తక్కువ లేని జనం మన జట్టుని అరిచి, హేళన చేసి, బెదరగొట్టాలని చూశారు. ముస్లింలు ఎక్కువగా ఉన్న దేశపు జనం. ఎదురుగా భారత జట్టు. దాని గురువు రోగం ముదిరిన ఒక ముస్లిం పంతులు. జట్టులో మన జంట నగరాల పీటర్ తంగరాజ్, తులసీదాస్ బలరాం, యూసుఫ్ ఖాన్. ఆ రోజు గ్యాలరీలో మన కోసం చప్పట్లు కొట్టింది పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లని పి.కె. బెనర్జీ చెప్పుకునేవాడు. దక్షిణ కొరియాని 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చారు. మరుసటి ఏడు జూన్‌లో రహీం సాబ్ క్యాన్సర్‌తో పోయాడు.

ఇప్పుడు చెప్పండి భాయ్, ఆ మైదానంలో మావాళ్లెవరు? అరిచిన జకార్తా జనమా, చప్పట్లు కొట్టిన పాకిస్తానీలా, బెంచీ మీద దగ్గుతూ కూర్చున్న హైదరాబాదీయా? రహీం సాబ్‌ని దేశభక్త ముస్లిం అని దండ వేయడానికి మాత్రం వాడుకోవద్దు. అది మళ్లీ అదే లెక్క. ఆయన్ని మంచి కోచ్ అనండి చాలు. జిదాన్‌ని మహా ఆటగాడు, చెడ్డ కోపిష్టి అనండి. ఆ కుర్రాడిని, పళ్లు రాలగొట్టిన పోకిరీ అనండి. మేమూ అంటాం. మొహల్లాలోనూ అంటాం, డెస్కులోనూ అంటాం, రెండు భాషల్లోనూ ఒకే మాట అంటాం.

2006లో ఉర్దూ పేజీకి వేయాల్సిన సవరణ ఒకటి బాకీ ఉండిపోయింది. మతెరాజ్జీ ఆ మాట అన్నాడనడానికి మా దగ్గర ఏ రుజువూ లేదు. జిదాన్ చేసింది తప్పు. ఆ తప్పు అతనిది.