పొర ముడత పడితే

ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో సివిల్స్‌కి చదివే మన పిల్లలు ఫోన్లో పాఠాల్ని రెండింతల వేగంతో వింటారు. సిలబస్ కొండంత, టైం చాలదు. అదే ఫోన్‌తో కాలాన్ని ఎనిమిదింతలు సాగదీసి చూసే పని ఒకటుందని తెలిసినప్పటి నుంచీ నా ధ్యాసంతా దాని మీదే ఉంది.

గుండె బాగా బలహీనపడిన పసివాళ్లకి దాత గుండె దొరికేదాకా ఊపిరి నిలబెట్టే పంపు బెర్లిన్ హార్ట్. అది ఒంటి బయట, పొట్ట దగ్గర ఉంటుంది. అన్నిటికన్నా చిన్నదాంట్లో పట్టేది 10 మిల్లీలీటర్లే. లోపలంతా కనిపించే ఆ గదిలో పల్చటి పొరకి ఒక పక్క రక్తం, మరో పక్క గాలి. గాలి నెట్టినప్పుడల్లా పొర రక్తాన్ని తోస్తుంది. గది పూర్తిగా నిండుతోందా, పూర్తిగా ఖాళీ అవుతోందా, పొర ముడత పడుతోందా అని నర్సులు కంటితో చూసి చెప్పాలి. రక్తం చాలకపోయినా, గొట్టం నొక్కుకున్నా ముందు తెలిసేది అక్కడే.

పంపు నిమిషానికి 90 సార్లు కొట్టుకుంటే ఒక్కో దెబ్బకి సెకనులో మూడింట రెండు వంతులే. మామూలు వీడియోలో ఆ దెబ్బకి 20 ఫ్రేములు వస్తాయి. ఫోన్‌లో సెకనుకి 240 ఫ్రేముల స్లో మోషన్‌లో తీస్తే 160. రెప్పపాటులో పోయే ముడత అప్పుడు నిలిచి కనిపిస్తుంది. నిన్నటి వీడియో పక్కన పెట్టి చూడొచ్చు, దూరాన ఉన్న డాక్టరుకీ పంపొచ్చు. పాప మొహం మాత్రం ఫ్రేములోకి రాకూడదు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైటు సెకనుకి 100 సార్లు మినుకుతుంది. కంటికి తెలియని ఆ మినుకు స్లో మోషన్‌లో బయటపడి పొర కదలికతో కలిసిపోతుంది. పగటి వెలుగైతే ఆ బాధ లేదు.

రాజమండ్రిలో పుట్టిన పనంగిపల్లి వేణుగోపాల్ ఈ ఢిల్లీలోనే, ఎయిమ్స్‌లో, 1994 ఆగస్టు 3న దేశంలో తొలి విజయవంతమైన గుండె మార్పిడి చేశారు. పసిగుండెకి సరిపోయే దాత దొరకడం ఈనాటికీ కష్టమే. అందుకే పంపు మీద రోజులు గడుస్తాయి. 2012లో ఫలితాలు వెలువడిన అమెరికా ట్రయల్‌లో ఈ పంపు పెట్టిన పిల్లల్లో 29 శాతం మందికి స్ట్రోక్ వచ్చింది. పంపులో కట్టిన గడ్డ విడిపడి మెదడుకి చేరితే జరిగేది అదే. పంపు కవాటాల మూల తెల్లగా అంటుకున్న గడ్డ పోగుని వేగం తగ్గించిన వీడియో పట్టివ్వకపోవచ్చు. దానికి టార్చి ఏటవాలుగా వేసి, వంగి, అన్ని వైపుల నుంచీ చూడాల్సిందే. ఫోన్ ఉంది కదా అని రాత్రి డ్యూటీలో ఒక నర్సుని తగ్గిస్తామంటే నేను ఒప్పుకోను.